కామెర్లు రాని కాలేయ జబ్బు

మా న్యూజెర్సీలో తెలుగువాళ్లు గుడి హాల్లో హెల్త్ క్యాంపు పెడితే షుగర్, బీపీ టేబుళ్ల దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. హెపటైటిస్ బి అని బోర్డు పెట్టిన టేబుల్ దగ్గర మాత్రం మా వలంటీర్లమే కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటాం. పొరపాటున ఇటు వచ్చినవాళ్లు కూడా "మేం తాగమండీ" అనేసి ఇడ్లీ కౌంటర్ వైపు వెళ్లిపోతారు.

లివర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే: మందు, పచ్చకామెర్లు. కామెర్లకు ఊళ్లో వైద్యం ఉండనే ఉంది. పరగడుపున పసరు, చప్పిడి పథ్యం, చెరుకురసం. నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది, పేరేమో పసరు పోసినాయనకు దక్కుతుంది. బి రకం దారి వేరు. చాలామందికి కళ్లు పచ్చబడవు, ఆకలి మందగించదు, ఏళ్ల తరబడి ఒంట్లో ఉన్నా తెలియదు. తెలిసేసరికి లివర్ గట్టిపడిపోయి ఉండొచ్చు, క్యాన్సరూ వచ్చి ఉండొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఈ జబ్బు దీర్ఘకాలికంగా ఉన్నవాళ్లు 25 కోట్ల 40 లక్షల మంది. అందులో దాదాపు మూడు కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారు. కాన్పులో తల్లి నుంచి సోకిన పసిబిడ్డల్లో పదిమందికి తొమ్మిదిమందిలో వైరస్ అలాగే ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి ఐదుగురిలోపే. ఇక తాగడం, తాగకపోవడం అన్న మాటెక్కడిది?

టీకా విషయంలో మనం గర్వపడాలి కూడా. వరప్రసాద్ రెడ్డిగారు తల్లి పేరు మీద హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి టీకా తెచ్చింది. అంతకుముందు దిగుమతి టీకా ధర సామాన్యులకు అందేది కాదు. అయినా పసిపిల్లలందరికీ ప్రభుత్వ టీకాల్లో ఇది దేశమంతటా చేరడానికి 2011 దాకా పట్టింది. ఇక్కడ కోడింగ్ చేసుకుంటున్న మన తరం అంతకు ముందే పుట్టింది.

"గ్రీన్‌కార్డు మెడికల్‌లో టీకా వేశారుగా" అంటారు కొందరు. వైరస్ ముందే ఉంటే టీకా దాన్ని తీసేయదు. లివర్ ఫంక్షన్ టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన అది లేనట్టూ కాదు.

ఒకావిడ బోర్డు వైపు చూడకుండా, పక్క టేబుల్ మీద పాంప్లెట్లు సర్దుతున్నట్టు నిలబడి అడిగింది: "రిపోర్టు ఇంటికి పోస్టులో వస్తుందాండీ? అత్తయ్యగారు తీస్తారు." కాసేపాగి, "ఉందని తేలితే పిల్లలకు అన్నం కలిపి పెట్టొచ్చా?" అంది. నిక్షేపంగా పెట్టొచ్చు. ఇది రక్తం ద్వారా, దాంపత్య సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కంచం వల్ల, కౌగిలింత వల్ల రాదు. భర్తకూ పిల్లలకూ పరీక్ష చేయించి, వైరస్ లేకపోతే టీకా వేయిస్తే చాలు. బిడ్డ పుట్టిన 24 గంటల్లో వేస్తే తల్లి నుంచి సోకడం కూడా చాలావరకు ఆగుతుంది.

ఆవిడ భయం ఊరికే రాలేదులెండి. మా రాష్ట్రంలోనే ఒక వైద్య విద్యాసంస్థ ఈ వైరస్ ఉందని ఇద్దరు విద్యార్థులను చేర్చుకోకపోతే, అమెరికా న్యాయశాఖ కలగజేసుకుని 2013లో సరిచేయించింది. వివక్ష చట్టవిరుద్ధమని తేల్చింది. మందులూ ఉన్నాయి. అవసరమైనవాళ్లకు రోజుకో మాత్రతో వైరస్ అదుపులో ఉంటుంది.

18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్ బికి మూడు రక్తపరీక్షలు చేయించుకోవాలని అమెరికా సీడీసీ 2023లో చెప్పింది. ఈసారి యాన్యువల్ చెకప్‌కు వెళ్లినప్పుడు "హెపటైటిస్ బి మూడు పరీక్షలూ రాయండి" అని మీరే అడగండి. అడగకపోతే చాలామంది డాక్టర్లు రాయరు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కూడా షుగర్ టెస్టుకు వెళ్లినరోజే ఇదీ చేయించండి.