గాండర్ దాకా గున్నతో

మొన్న జూలైలో మేం నలుగురం గాండర్ వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, ఆరేళ్ళ మా చిన్ని, గున్న. నాలుగోవాడి బరువు 56 కిలోలు. వయసు సరిగ్గా ఏడాది.

మేముండేది కెనడాలో తూర్పు చివర, న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలోని సెయింట్ జాన్స్‌లో. ఊరు దాటి కాస్త వెళితే కేప్ స్పియర్ అనే కొండకొమ్ము వస్తుంది. గ్రీన్‌లాండ్‌ని వదిలేస్తే ఉత్తర అమెరికాకి తూర్పున అదే ఆఖరు. ఇక్కడి గడియారం కెనడాలో ఎవరితోనూ కలవదు, అందరికీ అరగంట అటూ ఇటూ. మన దేశానిదీ అదే అరగంట వరస కాబట్టి విజయనగరంలో ఉన్న అత్తయ్యగారికి ఫోన్ చెయ్యాలంటే మాత్రం లెక్క సుళువు. ఎండాకాలంలో ఎనిమిది గంటలు, చలికాలంలో తొమ్మిది.

కుక్క కావాలనే గొడవ మొదలైంది ఓడరేవు పక్కనున్న చిన్న పార్కులో. అక్కడ రెండు కంచు కుక్కలుంటాయి, ఒకటి న్యూఫౌండ్‌లాండ్, ఇంకొకటి లాబ్రడార్. మన రాష్ట్రం పేరూ ఇదే, కుక్కల పేర్లూ ఇవేనా అని చిన్నికి ఒకటే ఆశ్చర్యం. ఆ పెద్ద కుక్క మీదికెక్కి కూర్చుని, దిగనంది. పూర్వం జాలరులు ఈ జాతితోనే వలలు లాగించారు, కట్టెల బళ్ళు లాగించారు. కాలివేళ్ళ మధ్య పొర, నీళ్ళు ఒంటికి అంటకుండా రెండు వరసల బొచ్చు, చన్నీళ్ళంటే పిచ్చి. ఒక మాట. కుక్కని న్యూఫీ అంటే పర్వాలేదు గానీ ఇక్కడి మనుషుల్ని అలా పిలిస్తే చాలామందికి కోపం. వచ్చిన కొత్తలో మా ఆయన ఆఫీసులో అని నాలిక కరుచుకున్నారు.

ఏడాదిపాటు తర్జనభర్జన పడి, తల్లిదండ్రుల గుండెకీ తుంటికీ పరీక్షలు చేయించి కాగితాలు చూపించే బ్రీడర్‌ని వెతుక్కుని, సెప్టెంబర్‌లో వాణ్ణి తెచ్చాం. అప్పటికి తొమ్మిది వారాలు, ఏడు కిలోలు. వీడియోలో చూసి అత్తయ్యగారు "ఇది కుక్కపిల్లా, ఏనుగు గున్నా?" అన్నారు. పేరు అదే ఖాయమైపోయింది.

ఇక వాడి తిండి. నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ. పెళ్ళయ్యాక ఆ చదువు పోపులడబ్బా దాటి బయటికి రాలేదు, ఇప్పుడొస్తుందని సంబరపడ్డాను. పెద్దజాతి పిల్ల అంటే బాగా తినిపించి తొందరగా పెంచాలనుకుంటాం కదా, సరిగ్గా దానికి ఎదురు. ఎంత ఎత్తు పెరగాలో రక్తంలోనే రాసుంటుంది, ఎక్కువ తినిపిస్తే ఆ ఎత్తు తొందరగా వస్తుందే తప్ప ఎక్కువ రాదు. ఆ తొందరలో ఒంటి బరువు ముందు పరిగెత్తి, ఎముకలూ కీళ్ళూ వెనకబడతాయి. అందుకే ఇలాంటి పిల్లల్ని కాస్త సన్నగానే పెంచమంటారు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఒక్కొక్కటీ వేలికి తెలియాలి, కంటికి మాత్రం మరీ పొడుచుకు రాకూడదు.

కాల్షియం సంగతి ఇంకా విచిత్రం. మనకైనా, పెద్ద కుక్కకైనా అవసరానికి మించి కాల్షియం లోపలికి వెళితే పేగులు పీల్చుకోవడం తగ్గిస్తాయి. నెలల పిల్లకి ఆ అదుపు ఇంకా రాదు, వచ్చింది వచ్చినట్టు లోపలికి పోతుంది. ఎముక గట్టిపడే పద్ధతే తప్పుతుంది. అందుకే అమెరికాలో పశువుల మేత ప్రమాణాలు రాసే సంస్థ పెద్దజాతి పిల్లల తిండికి విడిగా హద్దు పెట్టింది, తేమ తీసేసిన లెక్కలో 1.2 నుంచి 1.8 శాతం. సంచీ వెనక సన్నక్షరాల్లో "పెద్ద పరిమాణం కుక్కల పెరుగుదలతో సహా" అన్న వాక్యం ఉందో లేదో చూసి కొనాలి. ఈ పరిజ్ఞానమంతా ఫ్రిజ్ మీద అంటించుకుని, కిచెన్ స్కేల్ మీద గ్రాముల్లో కిబుల్ తూచి, ఆరు నెలల దాకా రోజుకి మూడుపూటలు, తర్వాత రెండు పూటలు పెట్టాను. ఒకేసారి బండెడు తిని పరిగెత్తితే ఇలాంటి కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి, తిన్నాక గంటసేపు ఆటలు బంద్.

అక్టోబర్‌లో అత్తయ్యగారు ఆరు నెలలుండడానికి వచ్చారు. ఊళ్ళో ఎన్ని కుక్కల్ని సాకారో లెక్కలేదు. నేను తూచి పెట్టే గిన్నె చూసి "పసివాడి నోరు కొడుతున్నావే తల్లీ" అని బాధపడ్డారు. భోజనానికి కూర్చుంటే పెరుగన్నం ముద్ద ఒకటి కిందికి జారేది. సాంబారన్నం మాత్రం నేను కచ్చితంగా ఆపాను, ఉల్లిపాయ కుక్కల రక్తకణాల్ని విరిచేస్తుంది. "మన వీధిలోవి ఏం తిని బతికాయి మరి?" అన్నారు. అవి పదిహేను కిలోల దగ్గర ఆగిపోతాయత్తయ్యా, వీడు అరవై దాటతాడు అన్నాను. ఆవిడ తల ఊపారు. ఒప్పుకున్నారనుకున్నాను.

డిసెంబర్‌లో ఒకరోజు గున్న ముందుకాలు ఎత్తి కుంటడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా రెండోకాలు. ఎక్స్‌రే తీశారు. పానాస్టైటిస్ అన్నారు, పెరిగే వయసులో పొడుగెముకల్లో వచ్చే వాపు. ఒక కాలు వదిలి ఇంకో కాలికి మారుతుంది, దానంతటదే తగ్గుతుంది. "తిండిలో పైనుంచి ఏమైనా కలుపుతున్నారా?" అని వెట్ అడిగితే ధీమాగా లేదన్నాను. ఇంటికొచ్చాక అత్తయ్యగారు మెల్లగా సూట్‌కేసులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. మోకాళ్ళ నొప్పులకి తెచ్చుకున్న కాల్షియం సిరప్, అందులో డి విటమిన్ కూడా. రోజూ రెండు చెంచాలు, నెలన్నరగా. "ఎముకలు గట్టిపడతాయనమ్మా" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నాకు కోపం వచ్చింది గానీ ఏమనను? చిన్ని కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే ప్రేమతో ఇదే మందు పోసిన మనిషి. కుంటడానికి సిరప్పే కారణమని వెట్ అనలేదు, కాదనీ అనలేదు, వెంటనే ఆపమన్నారు. నాలుగు వారాల్లో నడక సర్దుకుంది. నేను చదివినదంతా ఫ్రిజ్ మీద ఇంగ్లీషులో అంటించాను, ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు వాడితో గడిపే మనిషికి తెలుగులో కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ తప్పు మాత్రం నాదే.

రెండో తప్పు అందరిదీ. ఏడు కిలోల బొచ్చుబంతి ఎగిరి మోకాళ్ళ మీద కాళ్ళు వేస్తే ఎవరు కాదంటారు? మా ఆయన రోజూ ఆఫీసునుంచి రాగానే "రారా నాన్నా" అని రెండు చేతులూ చాపేవారు. వాడికి తెలిసిన పాఠం అదే, మనిషి కనిపిస్తే ఎగరాలి. ఫిబ్రవరి నాటికి 38 కిలోలు. స్కూలు బస్సు దిగి చిన్ని పరిగెత్తుకొచ్చింది. వాకిట్లో మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. లీష్ నా చేతిలోనే ఉంది, ఉండి ఏం లాభం! వాడు ఎగిరాడు, అది వెల్లకిలా పడబోయి పక్కకి తిరిగింది, గడ్డం మెట్టుకి తగిలింది. నాలుగు కుట్లు.

ఆ రాత్రి మా ఆయన బ్రీడర్ రాసిచ్చిన కాగితం బయటికి తీశారు. ఎప్పుడైనా పెంచలేకపోతే తిరిగి ఆవిడకే ఇవ్వాలని అందులో ఉంది. "ఇంకా పాతిక కిలోలు పెరుగుతాడు. ఈసారి గడ్డంతో పోతుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వేసవి సెలవుల దాకా గడువు అడిగాను. ఆయన కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు.

పక్కింటి పెద్దావిడ చిన్నప్పటినుంచీ ఈ కుక్కల మధ్య పెరిగిన మనిషి. ఇక్కడివాళ్ళు ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా "మై డక్కీ" అంటారు, మనం అమ్మలూ, కన్నా అన్నట్టు. ఆవిడ మా ఇంట్లో ఒక గంట కూర్చుని, కుక్కకి చెవుడు లేదు డక్కీ, మీ నలుగురూ నాలుగు భాషలు మాట్లాడుతున్నారు అంది. నిజమే. ఎగిరితే నేను "దిగు" అంటున్నాను, ఆయన "డౌన్" అంటున్నారు, చిన్ని "నో" అంటోంది, అత్తయ్యగారు "పోరా" అంటున్నారు. పైగా క్లాసులో డౌన్ అంటే పడుకోమని నేర్పారు. పాపం వాడేం చేస్తాడు?

ఫ్రిజ్ మీద పాత కాగితం పీకేసి, తెలుగులో అయిదు మాటలు రాశాను. కూర్చో, పడుకో, ఆగు, రా, వదులు. ఒక పనికి ఒకటే మాట, ఒకసారే. ఎగిరితే అరవడం లేదు, చేత్తో తొయ్యడం లేదు, తోస్తే వాడికి అదీ ఆటే. వీపు తిప్పి చెట్టులా నిలబడడం, నాలుగు కాళ్ళూ నేల మీద పడ్డ క్షణాన చేతిలో ఒక గింజ. ఆ గింజలు కూడా వాడి రోజు కోటాలోంచే, మూడోవంతు పొద్దున్నే తీసి డబ్బాలో వేసుకునేదాన్ని, లేకపోతే చదువు పేరున లావెక్కుతాడు. లీష్ లాగితే స్తంభంలా ఆగిపోవడం. రెన్నీస్ నది పక్క దారిలో మొదటి వారం ఇంటినుంచి మూడో కరెంటు స్తంభం దాటలేదు మేం. ఈదురుగాలిలో, మొహం మీద సూదుల్లా పడే మంచులో, స్తంభం పక్కన ఇంకో స్తంభం. అందరికంటే బాగా నేర్పింది ఎవరనుకున్నారు? అత్తయ్యగారు. ఆవిడ "కూర్చో" అంటే మా ఆయన కూడా కూర్చుంటారు. మార్చిలో ఆవిడ వెళ్ళిపోయిన రోజున వాడు గుమ్మం దగ్గర కూర్చునే ఉన్నాడు, ఎవరూ చెప్పకుండానే.

గాండర్ సెయింట్ జాన్స్‌నుంచి 330 కిలోమీటర్లు. దారి పొడుగునా స్ప్రూస్ చెట్లు, చెరువులు, మూస్ జాగ్రత్త అనే బోర్డులు. గంటన్నరకోసారి ఆపాం. టెర్రా నోవా నేషనల్ పార్కు దగ్గర గున్న నీళ్ళలోకి దిగాడు. ఎదిగే కీళ్ళకి మెట్లెక్కించడం, మైళ్ళకొద్దీ పరిగెత్తించడం మంచిది కాదుగానీ ఈత మంచిదే. చిన్ని మోకాళ్ళలోతులో నిలబడితే వాడు చుట్టూ తిరిగి అడ్డంగా నిలబడ్డాడు, లోతువైపు పోనివ్వలేదు. అది మేం నేర్పింది కాదు.

గాండర్ పేరు చాలామందికి 2001 సెప్టెంబర్ వల్ల తెలుసు. 38 విమానాలు ఈ చిన్న ఊళ్ళో దిగితే, వాటిలోని వేలమందిని ఇళ్ళలో, బళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. మేం వెళ్ళింది మాత్రం అంతకంటే పాత కథ కోసం, పక్కింటావిడ చిన్నికి చెప్పిన కథ. ఇక్కడ ఒక ఇంట్లో పాల్ అనే న్యూఫౌండ్‌లాండ్ కుక్క ఉండేది. ఆటలో ఒక పిల్ల మొహం మీద గోళ్ళతో గీరింది. చంపేయమంటారేమోనని భయపడి, ఆ ఇంటివాళ్ళు దాన్ని విమానాశ్రయం కాపలా కాస్తున్న సైనికులకి ఇచ్చేశారు. సైనికులు గాండర్ అని పేరు పెట్టి, సార్జెంట్ హోదా ఇచ్చి, 1941లో తమతో హాంగ్‌కాంగ్ తీసుకెళ్ళారు. ఆ డిసెంబర్ యుద్ధంలో, గాయపడ్డ సైనికుల మధ్య పడిన గ్రెనేడ్‌ని నోట కరుచుకుని దూరంగా పరిగెత్తింది. అది పేలింది. 2000లో దానికి డికిన్ మెడల్ ఇచ్చారు, జంతువులకిచ్చే విక్టోరియా క్రాస్ అంటారు దాన్ని. ఊళ్ళో స్మారక పార్కులో సైనికుడి పక్కన దాని కంచు విగ్రహం ఉంది.

చిన్ని విగ్రహం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత తన గడ్డం మీద మచ్చ తడుముకుంటూ "ఆ అమ్మాయి వద్దని చెప్పలేదా నాన్నా?" అంది. ఆయన మాట్లాడలేదు.

అంతలో ఎవరో పర్యాటకుల పిల్లాడు, మూడేళ్ళుంటాయేమో, చేతులు చాపి గున్న మీదికి పరిగెత్తుకొచ్చాడు. నా గుండె ఆగింది. గున్న ముందుకాళ్ళు నేలమీంచి లేచాయి, నేను చూశాను, లేచాయి. "కూర్చో" అంది చిన్ని, అరవకుండా, అచ్చం నాయనమ్మలా. వాడు కూర్చున్నాడు. తోక మాత్రం కూర్చోలేదు, నేలంతా ఊడ్చేసింది. పిల్లాడి చెప్పుల మీద జానెడు చొల్లు. వాళ్ళమ్మ నవ్వుతూ తుడుచుకుంది.

ఆ రాత్రి మోటెల్‌లో సంచీ అంతా వెతికాను, కిచెన్ స్కేల్ ఇంట్లోనే మర్చిపోయాను. గ్లాసుతో ఉజ్జాయింపుగా పోద్దామనుకుంటుంటే మా ఆయన కారు దగ్గరికెళ్ళి, జిప్ కవర్లున్న సంచీ తెచ్చి మంచం మీద పెట్టారు. ఒక్కో కవర్ మీద పూట, గ్రాములు రాసున్నాయి. పైన శిక్షణ గింజలకి ఇంకో చిన్న కవర్.

"ఎప్పుడు తూచారండీ?" అన్నాను.

"నిన్న రాత్రి. నువ్వు మర్చిపోతావని తెలుసు" అని, గిన్నె పట్టుకుని "గున్నా, ఆగు" అన్నారు.