అసింట్ సరస్సు ఒడ్డున కాలిన ఇల్లు

స్కాట్లండ్‌కు వాయవ్య మూలన, సదర్లాండ్ జిల్లాలో అసింట్ ఉంది. చెట్టు తక్కువ, రాయి ఎక్కువ. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి శిల ఇక్కడ కాలికింద తగులుతుంది. పాతరాయి కొత్తరాయి మీదికెక్కి కూర్చున్న వింతను బెన్ పీచ్, జాన్ హార్న్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు 19వ శతాబ్దం చివర ఈ కొండల్లోనే విప్పిచెప్పారు. ఆ కొండల మధ్య పది కిలోమీటర్ల పొడవున అసింట్ సరస్సు పరుచుకుంది. లోతు కొన్నిచోట్ల 80 మీటర్లు దాటుతుంది. లాకిన్వర్ అనే చేపల రేవు నుంచి వచ్చే రోడ్డు దాని ఉత్తరపు ఒడ్డునే పోతుంది.

ఆ రోడ్డు మీద వెళ్తుంటే రెండు శిథిలాలు ఒకే చూపులో పడతాయి. ఒకటి నీళ్లలోకి చొచ్చుకుపోయిన రాతి కొమ్ము మీది ఆర్డ్‌వ్రెక్ కోట. వానలు బలంగా పడి నీరు పెరిగితే అది దీవి అయిపోతుంది. రెండోది దానికి కాస్త ఎడంగా, పచ్చికలో, పైకప్పు లేని కాల్డా హౌస్. జంట త్రికోణాలుగా లేచిన దాని పక్కగోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. వచ్చినవాళ్లు ఎక్కువమంది కోటను ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నన్ను ఆపింది మాత్రం ఇల్లే. అయితే కోట కథ తెలియకుండా ఇంటి కథ అర్థం కాదు.

కోటను మక్‌లౌడ్ వంశం 15వ శతాబ్దం చివర కట్టింది. జనం చెప్పుకునేది వేరు. దొరకు కోట కట్టే తాహతు లేకపోతే సైతాను వచ్చి కట్టిపెట్టాడట. బదులుగా దొర తన కూతుర్ని ఇస్తానన్నాడట. మొగుడెవరో తెలిసిన రోజున ఆ పిల్ల బురుజు మీంచి సరస్సులోకి దూకింది. శవం దొరకలేదు. మత్స్యకన్యగా మారి సరస్సు అడుగు గుహల్లో ఉండిపోయిందని, ఆమె ఏడ్చినప్పుడల్లా నీటిమట్టం పెరుగుతుందని చెబుతారు. అసింట్‌లో వానలకు కొదవ లేదు కాబట్టి ఆమె తరచుగానే ఏడుస్తుండాలి. ఒడ్డున ఏడుస్తూ తిరిగే ఆడమనిషి కనిపించిందన్న మాట కూడా ఈ కథను ఆనుకునే పుట్టింది.

తర్వాతిది కట్టుకథ కాదు, చరిత్ర. 1650 ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ యుద్ధంలో ఓడిన రాజపక్షపు సేనాని మాంట్‌రోజ్ ప్రభువు ఆకలితో, అలసటతో అసింట్ చేరాడు. అప్పటి దొర నీల్ మక్‌లౌడ్. ఆయన ఊళ్లో లేడని, భార్య క్రిస్టీన్ ఆశ్రయం ఇస్తున్నట్టే ఇచ్చి మాంట్‌రోజ్‌ను నేలమాళిగలో బంధించి శత్రువులకు కబురంపిందని ఒక వాదన ఉంది. చేసింది ఎవరైనా, మే 21న ఎడిన్‌బరోలో మాంట్‌రోజ్‌ను ఉరితీశారు. గడప తొక్కినవాణ్ణి కాపాడటం స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్‌లో ఇంటి పరువు. ఆ పరువు పోయిందన్న నింద మక్‌లౌడ్‌లను వదల్లేదు. రాజరికం తిరిగొచ్చాక నీల్ ఖైదు పాలయ్యాడు. శిక్ష పడకపోయినా, 1672లో మెకంజీ వంశంవాళ్లు ముట్టడించి కోటను, అసింట్‌నూ లాక్కున్నారు. కోటలో గేలిక్ మాట్లాడే బూడిదరంగు దుస్తుల పొడగరి దయ్యం తిరుగుతుందంటారు. ఈ ద్రోహంతోనే దాన్ని ముడిపెడతారు.

ఇక ఇల్లు. ఆ వంశపు దొర కెన్నెత్ మెకంజీ భార్య ఫ్రాన్సెస్‌కు ఆ చలికోటలో కాపురం నచ్చలేదు. ఆమె కోసం 1726లో కాల్డా హౌస్ కట్టారు. కోట రాళ్లే కొన్ని పీకి వాడారంటారు. పెద్ద కిటికీలతో, రెండువైపులా సమంగా తీర్చిన కొత్త తరహా భవనం ఆ మారుమూలకు అదే మొదటి వైభవం. విందులు సాగాయి, అప్పులూ పెరిగాయి. 1737లో ఇల్లు తగలబడింది. పదకొండేళ్ల బతుకు! శనివారం రాత్రి మొదలైన విందు అర్ధరాత్రి దాటి, ఆటపాటలు, పనులు మానాల్సిన ఆదివారంలోకి సాగిందని, అందుకే పిడుగులాంటి నిప్పు పడిందని, బ్యాగ్‌పైప్ వాయించే మనిషి ఒక్కడే బతికాడని జనం మాట. ఎస్టేటు సదర్లాండ్ ప్రభువుల చేతికి పోకముందే మెకంజీల పక్షంవాళ్లు దోచుకుని నిప్పు పెట్టారన్నది రెండో మాట. నాకు రెండోదే నమ్మదగ్గదిగా తోస్తుంది. కానీ మొదటిదే ఎక్కువ కాలం నిలిచింది, అందుకు కారణం ఉంది.

ఈ కథలను వరుసగా పెట్టి చూడండి. కోట కట్టిన దొర కూతుర్ని తాకట్టు పెట్టాడు. అతని వారసుడు అతిథిని అమ్ముకున్నాడు. ఆ తర్వాతివాడు దేవుడి దినాన్ని తొక్కాడు. పొలం కాగితాలు లేని రైతులు ప్రతి దొర పతనానికీ ఒక పాపం రాసిపెట్టారు. శ్రోతలకు భయం పుట్టించడం కంటే, తమను ఏలినవాళ్ల మీద తీర్పు చెప్పడమే ఈ కథల పని అని నా నమ్మకం.

తెలుగువాళ్లకు ఇలాంటి కథలు కొత్త కాదు. మన గ్రామాల స్థానిక చరిత్రలను, స్థలపురాణాలను, శాసనాలను కైఫీయత్తులుగా పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది అసింట్‌కు ఎదురుగా, సముద్రపాయ ఆవల, లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజాలు. సైతాను, మత్స్యకన్య, బ్యాగ్‌పైప్ మనిషి లాంటి కథలు వినిపించే తీరంలో పుట్టినవాడు, మన ఊళ్లలో దేవత కథనూ శిస్తు లెక్కనూ ఒకే కట్టలో దాచాడు. ఆ రెండిటి మధ్య తెగని బంధం ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది.

మళ్లీ అసింట్‌కు వస్తే, మెకంజీల తర్వాత వచ్చిన సదర్లాండ్‌ల ఏలుబడికి దయ్యం కథ అక్కర్లేకపోయింది. 1812 నుంచి 1821 దాకా గొర్రెల మేత కోసం లోపలి గ్రామాలను ఖాళీ చేయించి జనాన్ని తీరపు రాళ్ల మీదికి నెట్టారు. ఆ సంగతులు లెక్కల్లోనే ఉన్నాయి. ఇక్కడి క్లాక్‌టోల్‌లో పుట్టిన నార్మన్ మక్‌లౌడ్ అనే మతబోధకుడు 1817లో నోవా స్కోషియా వెళ్లాడు. ఆయన వెంట నడిచినవాళ్లు చివరికి న్యూజిలాండ్‌లోని వైపూలో తేలారు.

సరస్సుకు పడమట, సముద్రం వైపున ఉన్న నార్త్ లాకిన్వర్ ఎస్టేటును 1993 ఫిబ్రవరి 1న కౌలు రైతులే ఉమ్మడిగా కొనుక్కున్నారు. దాదాపు 21,000 ఎకరాలు, 3 లక్షల పౌండ్లు. ఒక స్థానిక చరిత్ర బృందం కాల్డా హౌస్, ఆర్డ్‌వ్రెక్ గోడలు కూలకుండా పనులు చేయించింది. ఇంటికి పైకప్పు వేయలేదు. రాళ్ల సందులను సున్నపు గచ్చుతో పూడ్చి నిలబెట్టారు. ఇప్పుడు ఏ టికెట్టూ లేకుండా, ఏ దొర అనుమతీ అడక్కుండా, ఎవరైనా ఆ గడప దాటి లోపలికి నడవొచ్చు.