నా తమ్ముని యింజను పరీక్ష

పిల్లల చదువును గూర్చియో, పండుగ వంటలను గూర్చియో వ్రాయవలసిన నేను మోటారుకారు ఇంజనును గూర్చి వ్రాయ బూనుట మీలో గొందరికి వింతగా దోచవచ్చును. కాని గడచిన మాఘమాసమున నా చేతి బంగారు గాజులు నాలుగును ఆ యింజను మూలముననే తాకట్టునకు బోయినవి. గాజులిచ్చినదానికి నాలుగు మాటలు చెప్పు హక్కు లేకపోదని తలచి సాహసించుచున్నాను.

మావారు ఆళ్లగడ్డలో ఉపాధ్యాయులు. నా పుట్టినిల్లు నంద్యాల. రెండూళ్లకు నడుమ ఇంచుమించు 40 కిలోమీటర్ల దారి. ఒక వంక దూరమున నల్లమల కొండలు, దారి పొడవున నల్లరేగడి చేలు. నా తమ్ముడు నంద్యాల వెలుపల నొక రేకుల కొట్టములో ఇంజనులు బాగుచేయు వృత్తిలో నున్నాడు. లారీలును ట్రాక్టర్లును వానికి కూడు పెట్టుచున్నవి. కాని వాని మనసంతయు పందెపు కార్లమీదనే. కోయంబత్తూరులో 2003వ సంవత్సరమున నేర్పడిన కరి మోటార్ స్పీడ్‌వేలోను, చెన్నపట్టణము చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై మైదానములోను జరుగు పందెములకు బోవు యువకులు కొందరు వాని యొద్దకు వచ్చి, మామూలు ఇంజనునకు అధికబలము చేకూర్చుకొని పోవుచుందురు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు నన్ను చాటుగా బిలిచి, "అక్కా! ఇంజనుల బలమును పరీక్షించు డైనమోమీటరను యంత్రము కొనవలెను. కొంత కూడబెట్టితిని, కొంత చాలదు. నీ గాజులిచ్చితివేని రెండేండ్లలో విడిపించి నీ చేతికి దొడిగెదను" అనెను. ఈ మాట మావారి చెవిని బడినది. "ఇంజను నడచునో నడువదో తెలియుటకు ఇంత సొమ్మా? రోడ్డు మీద నడపిన తెలియదా?" అని వారనిరి.

తమ్ముడు బదులు పలుకలేదు. తన యెడమ మణికట్టు వంక చూచుకొనెను. మూడేండ్ల క్రిందట వాడు రోడ్డు మీదనే పరీక్షించెను. కారు సొంతదారుడు తొందర చేయగా, క్రొత్తగా కట్టిన యింజనును ఆళ్లగడ్డ దారిని వేగముగా దోలెను. ఇంజనునకు గాలి యెక్కువై పెట్రోలు తక్కువైనందున వేడి మితిమీరి, పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకొనిపోయెను. చక్రములు కట్టుబడి కారు చేనిలోనికి దూసికొనిపోయినది. తమ్ముని మణికట్టు విరిగెను. ఆ దినమున మా పెద్దవాడును ఆ కారులో నుండవలసినవాడు. పరీక్ష యున్నదని మావారు పోనీయలేదు. ఆ సంగతి తలంపునకు వచ్చినప్పుడెల్ల నా గుండె యిప్పటికిని జలదరించును.

"చూడక యియ్యను, చూచి యిచ్చెదను" అని చెప్పి, కుమారుని వెంట బెట్టుకొని నంద్యాలకు బోయితిని. అప్పటికే తమ్ముడొక పాత యంత్రమును నెలదినములు వాడి చూచి కొనునట్లు మాట్లాడి తెచ్చియుంచెను.

కొట్టమనగా నూనె మురికి, ఇనుప చప్పుడు నని తలచిన నాకు అక్కడి శుభ్రత యబ్బురము గొలిపినది. బల్లపై తెల్లని బట్ట పరచి పిస్టనులను వరుసగా నుంచిరి. కంసాలి వలె వానిని త్రాసులో దూచి, బరువైనదానిని రవంత యరగదీసి, నాలుగింటిని సమానము చేయుచుండిరి. ఎందులకని యడిగితిని. "అక్కా! ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క పిస్టను క్షణమునకు 200 సార్లు ఆగి వెనుదిరుగును. అప్పుడొక గ్రాము తేడాయు సుత్తిదెబ్బ యగును" అనెను. సిలిండరు లోపలి కొలతను మిల్లీమీటరులో నూరవవంతు వరకు చూచుచుండిరి. మన తలవెంట్రుక మందమే అట్టి యేడు వంతులుండునట!

తరువాత క్రాంకుషాఫ్టును త్రాట వ్రేలాడదీసి చిన్న సుత్తితో దట్టెను. గుడి గంటవలె ఖంగున మ్రోగినది. పగులున్నచో బొంగురుగా బలుకునట. మా ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహమునకు రాతిని తట్టి, నాదము విని యేరుట నేనెరుగుదును. రాయియైనను ఇనుమైనను లోపలి గుట్టు ధ్వనియే చెప్పునన్నమాట.

అధికబలము ఎట్లు వచ్చునని యడిగితిని. ఇంజనునకు ఆహారము గాలియే. పెట్రోలు దానికి నంజుడు వంటిది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున ఇంచుమించు 15 పాళ్ల గాలి కావలెను. ఎక్కువ గాలిని లోనికి దెచ్చుటకు దారులు నునుపుచేసి, వాల్వులను ఎక్కువసేపు తెరచియుంచెదరు. ఆ మిశ్రమమును మరింత గట్టిగా నొత్తి మండించెదరు. కాని యొత్తిడి మేర మీరెనా, మంట చేరకమునుపే యది తనంతట మండి, డబ్బాలో గులకరాళ్లు గదలించినట్లు చప్పుడగును. మన రాయలసీమ యెండలలో ఆ ముప్పు మరింత హెచ్చు. బలము పెంచుట సులభమే. ఆ బలమునకు హద్దెక్కడో తెలిసికొనుటయే కష్టము. పరీక్ష కావలసినది అందులకే.

డైనమోమీటరు నాకు మజ్జిగకుండ రీతిగా దోచినది. కవ్వము త్రిప్పునప్పుడు కుండయు దానితో దిరుగ జూచును. కుండను పట్టుకొన్నవారి చేతికి త్రిప్పువారి బలము తెలియును. ఇదియు నంతే. నీరు నిండిన పీపాలో నొక చక్రమును ఇంజను త్రిప్పును. పీపా తిరుగబోవును. దానికి బిగించిన యినుప చేయి త్రాసును నొక్కును. ఆ నొక్కుడును, చుట్ల వేగమును గుణించిన అశ్వబలము తేలును. ఈ నీటి విధానమును విలియం ఫ్రౌడ్ అను ఆంగ్లేయుడు 1877లో గనిపెట్టెను. ఒక అశ్వబలమనగా నిమిషములో 33,000 పౌనుల బరువును ఒక యడుగు ఎత్తుట. ఇది జేమ్స్ వాట్ నిర్ణయించిన లెక్క.

అశ్వబలమను మాట వినగానే, చిన్ననాడు మా తాతగారు అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును చదివించినది జ్ఞప్తికి వచ్చెను. ఋతుపర్ణుని రథమునకు బాహుకుడు బక్కచిక్కిన గుర్రములను దెచ్చినప్పుడు ఇవి పనికివచ్చునా యని రాజు శంకించెను. బాహుక రూపముననున్న నలునకు అశ్వహృదయము తెలియును గనుక వానిని ఏరి తెచ్చెను. గుర్రము హృదయము నెరుగుటకు నలునకు విద్య యుండెను. ఇంజను హృదయము నెరుగుటకు మా తమ్మునకు ఈ పీపా యున్నది.

ఆ దినమున నొక యువకుని యింజను పరీక్షకు వచ్చినది. వారము దినములలో వానికి పందెము. మొదట మెల్లగా నడపి వేడెక్కించిరి. తరువాత 3,000, 4,000, 5,000 చుట్లకు మెట్టుమెట్టుగా నెక్కించిరి. కొట్టపు రేకులు గజగజలాడినవి. నేను చెవులు మూసికొంటిని. అశ్వబలము తలచినదానికన్న నెక్కువే వచ్చుచున్నదని యువకుడు చప్పట్లు చరచెను. 5,500 చుట్లకడ నూనె యొత్తిడి చూపు ముల్లు ఇంచుక జారినది. నాకు గనబడనే లేదు. తమ్ముడు చటుక్కున ఇంజనును ఆపివేసెను.

"పరీక్ష తప్పినది. విప్పవలసినదే" అనెను.

యువకుడు మొదట బతిమాలెను, పిమ్మట గోపించెను. "బలము వచ్చినది గదా! ముల్లు రవంత వణికిన నేమి? ఒక్క పందెము పరుగెత్తిన చాలును. మీ కూలి రెట్టింపు తీసికొనుడు" అనెను. తమ్ముడు లోపలికిబోయి, వాడిచ్చిన అడ్వాన్సు తెచ్చి చేతిలో బెట్టి, "ఇది తీసికొని ఇంజనును వేరొకచోటికి గొనిపొమ్ము, కాదన్న పది దినములు ఆగుము. ఈ స్థితిలో నేను బిగించి యియ్యను" అని చెప్పెను. యువకుడు చాలసేపు గుమ్మమున నిలుచుండి, చివరకు ఆగెదనని ఒప్పుకొనెను. ఆ పందెము వానికి దక్కలేదు.

రాత్రి విప్పి చూడగా నొక బేరింగు కాగితము గీరినట్లు గీతలు పడియున్నది. సందు ఉండవలసినదానికి రెట్టింపున్నది. అయినను ఆ తేడా వెంట్రుక మందమంతయైన లేదు. తమ్ముడు తల వంచుకొని, "అక్కా! ఈ కొలతను నేను రెండవమారు చూడలేదు. తప్పు నాదే" అనెను. నేను ఆ రాత్రియే గాజులు తీసి వాని చేతిలో బెట్టితిని. ఇంజను గెలిచియున్నచో ఇచ్చియుందునో లేదో చెప్పలేను. ఓడినందుననే యిచ్చితిని.

తిరుగు ప్రయాణమున మా పెద్దవాడు, "అమ్మా! 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేనుసాగరు చెంత విద్యుత్కార్ల పందెము జరిగినది గదా! ముందుముందు పిస్టనులే లేకపోయిన మామ యేమి చేయును?" అని యడిగెను. "విద్యుత్తు మోటారునకైనను పరీక్ష తప్పదు నాయనా, కొలుచు చేయి యెన్నటికిని కావలసినదే" అంటిని. వాడు మామయొద్ద ఆ పని నేర్చుకొందునని అప్పుడే నోరు విప్పెను. మావారు ఇంటికడ ఈ కథ యంతయు విని చాలసేపు మౌనముగా నుండి, "నా బడిలో తప్పినవాడు సిగ్గుపడి మూలకు బోవును. మీ తమ్ముని కొట్టములో తప్పు దొరికిన మరల కట్టుదురు. వానిని అచ్చటికి పంపుటలో తప్పు లేదు" అనిరి.

సోదరీమణులారా! ఇది మగవారి విద్య యని తలపకుడు. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా, భర్తకు జెప్పకయే యిద్దరు కొడుకులను వెంటనిడుకొని, ఆయన చేసిన మోటారుబండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా బోయెను. పెట్రోలు గొట్టము పూడగా టోపీ సూదితో బొడిచి శుభ్రపరచినదట. మోటారుబండి మొదటి దూరపు పరీక్ష చేసినది గృహిణియే. 1941లో యుద్ధవిమానపు ఇంజను దూకునప్పుడు ఆగిపోవుచుండగా, బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు చిల్లుగల చిన్న లోహపు బిళ్లతో ఆ లోపమును అదుపు చేసినది.

ఇప్పుడు నా చేతులకు మట్టిగాజులే. ఇరుగుపొరుగువారు అడిగినప్పుడు, "పరీక్షకు గట్టితిని" అని చెప్పుచున్నాను. మా పెద్దవాడు ప్రతి శనివారము నంద్యాల బస్సెక్కును. ఆ దారిలో నొకనాడు కారు దూసికొనిపోయిన చేను వానికి తెలియును. బస్సు దానిని దాటునప్పుడు కిటికీలోనుండి చూచుదునని వాడే నాతో జెప్పెను.