అమ్మ లెక్కపెట్టే లైట్లు

మా అమ్మకి షుగరొచ్చి మూడేళ్ళయింది. డాక్టరుగారు మాత్రలు రాసి, చివర్లో ‘రోజూ 40 నిమిషాలు నడవండమ్మా’ అన్నారు. మాత్రలు మెడికల్ షాపులో దొరికాయి. నడవడానికి చోటు దొరకడమే కష్టమైంది.

మాది ఏలూరు. మా వీధి చివర చిన్న పార్కు ఉంది. పేరెందుకులెండి, అలాంటిది మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. తెరిచిన కొత్తలో ఆరు లైట్లు, రెండు ఉయ్యాలలు, చుట్టూ రంగు టైల్స్ వేసిన ట్రాక్. సాయంత్రం వంట పని చూసుకుని అమ్మ పక్కింటి పిన్నిగారితో కలిసి వెళ్ళేది. ఒకరోజు మూలనున్న లైటు పోయింది. ఒక్క లైటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. చీకటి పడ్డాక ఆ మూలకి సీసాలు చేరాయి. ఆడవాళ్ళు అటు వెళ్ళడం మానేసి సగం ట్రాకే తిరిగేవారు. కొన్నాళ్ళకి అదీ మానేశారు. మనుషులు రాకపోయేసరికి గడ్డి పెరిగింది. గడ్డిలో పాములుంటాయని పిల్లల్ని పంపడం ఆపేశారు. చివరికి ఎవరో గేటుకి తాళం వేశారు. పోయింది ఒక్క బల్బే, దాని వెనకే పార్కంతా పోయింది.

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చి చూస్తే, అమ్మ డాబా మీద అటూ ఇటూ తిరుగుతోంది. ‘ఇక్కడైతే లారీలు రావుగా’ అంది నవ్వుతూ. కానీ కొత్త రిపోర్టులో షుగర్ అంకె పెరిగింది. దాన్ని చూసి నాకు నవ్వు రాలేదు.

అందుకే బండి తీశా. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు... రెండు రోజులు తిరిగా. మనవైపు మనుషులు నడిచే చోట్లు ఎక్కడున్నాయి, అవి ఎలా నిలబడుతున్నాయి అన్నది చూడాలని.

నీళ్ళ మధ్య ఊరు

ముందు మా ఊరే. గజ్జలవారి చెరువు దగ్గర 74 అడుగుల బుద్ధుడు నిలబడి ఉంటాడు. సాయంత్రం అయిదున్నరకి వెళ్ళా. పిల్లలు, ముంత మసాలా బండి, సెల్ఫీలు, మోకాళ్ళ నొప్పుల కబుర్లు. ఓ తాతగారు చేతికర్రతో మెల్లగా ఒక్కో అడుగూ వేస్తున్నారు. ఆయన పక్కనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు దూసుకుపోతున్నాడు. అంతమందిని ఒక్కచోట చూస్తే, చోటుంటే చాలు, ఎవరూ పిలవక్కర్లేకుండా జనం వచ్చేస్తారనిపించింది.

మరి ఎంత చోటుండాలి? పట్టణ ప్రణాళికల కోసం కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలి. ఏలూరు జనాభా 2011 నాటికే 2 లక్షలు దాటింది. తలకి 10 మీటర్ల చొప్పున వేసుకున్నా దాదాపు 500 ఎకరాలు కావాలి. ఊరి మధ్యలో అంత భూమి ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

కానీ ఏలూరుకి వేరే ఆస్తి ఉంది. అది గట్లు. తమ్మిలేరు రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టుకుని కొల్లేట్లో కలుస్తుంది. ఇటు విజయవాడ నుంచి కృష్ణ నీళ్ళు తెచ్చే కాలువ, అటు విజ్జేశ్వరం వైపు నుంచి గోదావరి నీళ్ళు తెచ్చే కాలువ మా ఊళ్ళోనే కలుస్తాయి. అంటే ఊరి చుట్టూ, ఊరి మధ్యలో కూడా కిలోమీటర్ల కొద్దీ గట్టుంది. కొత్తగా భూమి కొనక్కర్లేదు.

పైగా ఈ కాలువ గట్లు పుట్టిందే నడకతో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పాకాయి. రోడ్లు సరిగా లేని రోజుల్లో సరుకులు, మనుషులు పడవల్లోనే వెళ్ళేవారు. గాలి వాటం లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. అంటే మనం ఇప్పుడు ‘ట్రెయిల్’ అంటున్నది ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. దాని మీద ఇప్పుడు చెత్త పోస్తున్నాం, అంతే తేడా.

కాలువ కట్టేసే నెల

మర్నాడు పొద్దున్నే దెందులూరు, భీమడోలు దాటుకుంటూ తాడేపల్లిగూడెం వెళ్ళా. 50 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. గూడేనికి నీళ్ళిచ్చే ఏలూరు కాలువే మా ఊరికీ వస్తుంది. గూడెంలో ఇంకో వింత ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. నేను వెళ్ళేసరికి మంచులో మఫ్లర్లు చుట్టుకున్నవాళ్ళు దాని మీద నడుస్తున్నారు. ఓ నాన్న కూతురికి స్కూటీ నేర్పుతున్నాడు. ఎవరూ పార్కని పేరు పెట్టలేదు. వెడల్పుగా, చదునుగా ఉంది కాబట్టి జనమే దాన్ని నడకదారి చేసుకున్నారు.

టీ తాగుదామని కాలువ పక్కన ఆగా. పక్కన కూర్చున్న పెద్దాయనతో మాట కలిసింది. రైతు. మా పార్కు సంగతి చెప్తే, ‘అదేంటి బాబూ, కాలువకైతే ఏటా కట్టేస్తాం గదా. పార్కుకి అలాంటిదేం లేదా?’ అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగిపోయా. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది తెలిసిందే. దాళ్వా కోతలకొచ్చాక, ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ సార్వాకి నీళ్ళు వదిలేలోగా పూడిక తియ్యాలి, గట్లకి గండ్లు పూడ్చాలి, లాకులు బాగుచెయ్యాలి. పనులు సరిగ్గా జరగని ఏడాది శివారు పొలాలకి నీళ్ళందవు. అప్పుడు రైతు ఊరుకోడు, వెళ్ళి నిలదీస్తాడు. కాలువ తవ్వడం ఒక్కసారి చేసే పని, దాన్ని కాపాడుకోవడం ఏటా చేసే పని అని ఇక్కడి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. పార్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం రిబ్బన్ కత్తిరించిన రోజుతో పని అయిపోయిందనుకుంటాం.

ట్రాకుల సంగతే చూడండి. మనది చాలాచోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద బేస్ గట్టిగా వెయ్యకుండా టైల్స్ పరిస్తే రెండు వానాకాలాలకే ఒకటి లేస్తుంది, ఇంకోటి కుంగుతుంది. మా అమ్మ వయసువాళ్ళకి అక్కడే కాలు మెలిక పడేది. బాగా దిమ్మిస చేసిన గ్రావెల్ దారైతే ఫొటోలో అంత అందంగా ఉండదు గానీ, గుంట పడితే రెండు తట్టల గ్రావెల్‌తో సరిపోతుంది. చెట్ల విషయమూ అంతే. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అయినా మనం రోజూ నీళ్ళడిగే లాన్ వేసి, నీడనిచ్చే కానుగని, వేపని మర్చిపోతాం. మే నెలలో ఆ లాన్ ఎండిపోతుంది, దాంతోపాటే జనమూ మాయమవుతారు.

కొల్లేటి గట్టు మీద

మధ్యాహ్నం ఏలూరు మీదుగా కైకలూరు రోడ్డు పట్టా. పెదఎడ్లగాడి వంతెన మీద బండి ఆపితే చల్లగాలి, చేపల వాసన, కనుచూపుమేరా నీళ్ళు, గుర్రపుడెక్క. 308 చదరపు కిలోమీటర్ల ఈ కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీళ్ళన్నీ ఇక్కడ చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోవాలి.

దారి పొడుగునా చేపల చెరువుల గట్లు కనిపిస్తాయి. అవి ఎంత నీట్‌గా ఉంటాయో! గుడిసెలో కాపలా మనిషి, వరసగా బల్బులు. అక్కడ ఒక లైటు పోతే రేపటిదాకా ఆగరు. గట్టు కారితే అర్ధరాత్రయినా మట్టి పడుతుంది. ఎందుకంటే అది చెడితే ఎవరికి నష్టమో అందరికీ తెలుసు. మా పార్కులో లైటు పోతే ఎవరికి నష్టం? మా అమ్మకి. ఆ సంగతి ఇంట్లో నాకే ఆలస్యంగా తెలిసింది.

అయితే ఈ గట్లని చూసి మురిసిపోవడానికీ లేదు. ఇలాంటి గట్లే సరస్సుని ముక్కలు చేసి, నీటి దారిని మూసేశాయి. 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో వేల ఎకరాల్లో చెరువులు కొట్టేస్తే, తర్వాత చాలాచోట్ల మళ్ళీ లేచాయి. నా అనుకున్నదాన్ని మనం ఎంత బాగా చూసుకుంటామో, అందరిదాన్ని ఎంత తేలిగ్గా వదిలేస్తామో కొల్లేట్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

సాయంత్రానికి ఆటపాక చేరా. బోటెక్కితే పెలికాన్‌లు, మనవాళ్ళ మాటలో గూడబాతులు, వందల కొద్దీ. చాలా గూళ్ళు చెట్ల మీద లేవు, నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి. రెట్టల ఘాటుకీ, ఎప్పుడూ నీళ్ళలో నానడానికీ చెట్లు తట్టుకోలేవు. అందుకని అటవీశాఖ స్టాండ్లు కట్టింది. ఇనుము నీళ్ళలో ఉంటే తుప్పు పట్టకుండా ఉంటుందా? స్టాండ్లు బాగుచెయ్యాలి, చెరువులో నీళ్ళు తగ్గకుండా చూసుకోవాలి, గట్టు కాయాలి. ఈ పని ఏ రీల్‌లోనూ కనపడదు, పక్షులే కనపడతాయి. నేనూ ఫొటో పక్షులకే తీశా. తర్వాత ఆలోచించి స్టాండ్‌కి కూడా ఒకటి తీశా.

తాళం తీశాక

ఇంటికొచ్చి ఆ రాత్రే మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టా. గుడ్ మార్నింగ్ బొమ్మలకి తప్ప దేనికీ పనికిరాని గ్రూపది. ముందు ఇద్దరే పలికారు. మర్నాటికి పద్నాలుగు ఇళ్ళవాళ్ళయ్యారు. అర్జీ రాశాం, అందరం సంతకాలు పెట్టాం. ‘లైట్లు వెలగడం లేదు’ అని ఊరికే రాయలేదు. ఏ స్తంభం, ఎన్నాళ్ళనుంచి, ఫొటోతో సహా ఇచ్చాం. ఒకసారి వెళ్తే పని కాలేదు. నాలుగుసార్లు వెళ్ళాల్సొచ్చింది. తాళం తీశారు, గడ్డి కోశారు, లైట్లు వేశారు.

ఈ తిరుగుళ్ళలో తెలిసిన సంగతులు మీకూ పనికొస్తాయి. మన రాష్ట్రంలో లే అవుట్ వేసేటప్పుడు కనీసం 10 శాతం భూమి ఖాళీ స్థలంగా వదలాలి. మీ కాలనీ ప్లాన్ కాపీలో అదెక్కడుందో ఒకసారి చూడండి. అక్కడిప్పుడు షెడ్డో, పార్కింగో ఉంటే అడిగే హక్కు మీకుంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చినప్పుడు అక్కడివాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పోరాడింది ఆ కాలనీలో ఉండే మామూలు జనమే.

మున్సిపాలిటీ చెయ్యాల్సిన పని మనమే చెయ్యాలని నేననడం లేదు. కరెంటు, కూలీ, చెత్తబండి... అవి మనం కట్టే పన్నుకి రావాల్సినవి. కానీ ఏది చెడిందో ఆ రోజే చెప్పే మనిషంటూ ఒకరుండాలి. ఏడాదికోసారి కాలువ కట్టేసినట్టు పార్కుకీ ఒక మరమ్మతుల నెల ఉండాలని మా అర్జీ చివర్లో రాశాం. దానికి జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ వెళ్తాం.

నేను సెలవులైపోయి హైదరాబాద్ వచ్చేశా. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేస్తుంది. ఇదివరకు ‘అన్నం తిన్నావా’తో మొదలయ్యేది. ఈ మధ్య మొదటి మాట మారింది.

‘ఇవాళ ఆరింట్లో అయిదే వెలిగాయిరా. పంపు దగ్గరది పోయింది. గ్రూపులో పెట్టేశా.’

ఆ తర్వాతే అన్నం సంగతి.