ఏ నంబరు చూశావురా?

మన సాఫ్టువేరు జనాలకి జీతం పెరిగాక మొదట ఫ్లాటు, ఆ తర్వాత నాన్నగారి కాలం నాటి ఫియట్టు! మా ఫ్రెండొకడు గండిమైసమ్మ చౌరస్తా దాటాక ఏదో షెడ్డులో 1960ల నాటి ఫియట్ 1100 చూసొచ్చి, "ఒరిజినల్ ఇంజనేరా, బ్లాకు మీద నంబరు కూడా చూశా" అన్నాడు. ఏ నంబరు చూశావురా అంటే తెల్లమొహం వేశాడు.

బ్లాకు మీద మామూలుగా రెండు రకాల నంబర్లుంటాయి. ఉబ్బెత్తుగా ఉండేది పోత నంబరు. ఆ అచ్చులో పోసిన బ్లాకులన్నిటికీ అదే ఉంటుంది. లోపలికి గుద్దినట్టుండేది ఇంజన్ నంబరు, దేనిది దానికే. మన భాషలో చెప్పాలంటే మొదటిది క్లాసు, రెండోది ఆబ్జెక్టు. ఆర్సీలో ఎక్కేది రెండోదే.

అమెరికాలో పాత షెవ్రొలేలు కొనేవాళ్ళు పోత తేదీ కూడా చూస్తారు. నెలకో అక్షరం, పక్కన రోజు, సంవత్సరం చివరి అంకె. కారు తయారయ్యాక పోసిన బ్లాకైతే అది ఆ కారుతో పుట్టింది కాదన్నమాట.

ఫియట్ 1100 డిలైట్‌కీ, తర్వాతొచ్చిన ప్రీమియర్ పద్మినికీ ఇంజన్ ఒకటే రకం, 1089 సీసీ. దాన్ని తెచ్చి దీన్లో బిగించినా పైకి తెలీదు. అలా బిగించడం నా దృష్టిలో తప్పు కాదు. బిగించకపోతే ఆ కారు ఎప్పుడో తుక్కు కొట్టుకి పోయేది.

తప్పల్లా పాత నంబరు గీకేసి, ఆర్సీలో ఉన్న నంబరు పంచ్ కొట్టడం. నంబరున్న చోట గ్రైండర్ గీతలున్నా, పక్క భాగం కంటే పల్లంగా ఉన్నా అనుమానించాల్సిందే.

2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి రూల్సు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటే 'వీఏ' సిరీస్ నంబరు ప్లేటిస్తారు. మంచిదే, కానీ అబద్ధం పంచ్ కొట్టేవాడికి ఆశ కూడా పెరిగింది.

నన్నడిగితే, ఇంజన్ మార్చామని ఆర్సీలో ఎక్కించుకున్న కారే కొంటాను. కమిట్ హిస్టరీ చెరిపేసి మొదటి రోజే ఇలా రాశామనేవాడి కోడ్‌ని మనం నమ్ముతామా? ఇనుముకైనా అంతే.