బండెనక అంధేరా

బండి కొన్నోళ్లు ముందర లైట్ల మీద చూపెట్టే షౌఖ్‌ల చారానా వంతు కూడా వెనక లైట్ల మీద చూపెట్టరు. హెడ్‌లైట్లు మారుస్తరు, బంపర్ మీద ఫాగ్‌లైట్లు బిగిస్తరు, క్యాబిన్ మీద చాంద్ సితారా మెరిపిస్తరు. వెనక మాత్రం కంపెనీ ఇచ్చిన 21 వాట్ల బల్బే, దాని మీద ఏడాది మట్టి. కరీంనగర్ బజార్ల గది నడుస్తది. వీధి దీపం ఉంటది, దుకాణాల రోష్నీ ఉంటది. ఉట్నూరు దాటి లోపలి గూడేలకు పోయే తొవ్వల నడవది.

మా తమ్ముడు ఫోర్‌బైఫోర్ పికప్పు నడుపుతడు. కరీంనగర్ల కిరాణా సామాను ఎత్తుకొని ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్షెట్టిపేట, జన్నారం మీదుగ ఉట్నూరుకు, ఆడ్నుంచి ఇంకా లోపలికి. వానకాలంల ఆ నల్లరేగడి సంగతి ఆదిలాబాద్ దిక్కు చుట్టాలున్నోళ్లకు నేను చెప్పేదేం లేదు. టైరును పట్టుకుంటే వదలది. ఎదురుంగ ఇంకో బండొస్తే తిప్పుకునే జాగ ఉండదు, వెనక్కే రావాలె.

వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవర్‌కు కండ్లంటే క్లీనర్ పోరడే. సెల్‌ఫోన్ టార్చి పట్టుకొని బండెనక నడుస్తడు. "రానీ... రానీ... రానీ... బస్!" ఆ ఆవాజ్ మీదనే భరోసా. పోయిన వానకాలం ఒక కల్వర్టు కాడ ఆ ఆవాజ్ మధ్యల తెగిపోయింది. తమ్ముడు బ్రేక్ తొక్కి దిగి చూస్తే పోరడు మోకాళ్ల దాక బురదల కూరుకపోయి ఉన్నడు, ఎడమ టైరుకు గజం దూరంల. ఫోను నీళ్లల్ల పడ్డది. తెల్లారేదాక బండి ఆడ్నే ఆపుకొని కూసున్నరు. ఇంటికొచ్చినంక అమ్మీకి చెప్పలేదు, నాకు చెప్పిండు. "భయ్యా, అద్దంల నాకు టార్చే కనపడ్డది గని పోరడు కనపడలే. వాడు చుప్ అయిండని నాకు సమజ్ కాకపోతే ఏమయ్యేది?"

అందుకే లైట్లు కొనేటప్పుడు ఫికర్ మొత్తం ఆ పోరని గురించే. దుకాణంల ముందుగాల చూపెట్టేవి సూదిలెక్క దూరం కొట్టే లైట్లు. చూస్తే వాహ్వా అనిపిస్తయి. వెనకకు అవి బేకార్. వెనక మనకు కావాల్సింది 200 మీటర్ల అవతలి చెట్టు కాదు, పది పదిహేను అడుగుల నేల. గుంత, రాయి, మనిషి కాలు. కాబట్టి వెడల్పుగ పరుచుకునే ఫ్లడ్ లైటే తీసుకోవాలె. రంగు తెలుపే ఉండాలె, అది కానూన్ కూడా. నీలం ఛాయ కొట్టే తెలుపు మాత్రం వద్దు, దుమ్ముల, చలికాలం మంచుల అది గోడలెక్క ఎదురు నిలబడ్తది. డబ్బా మీద ఐపీ67 అని ఉన్నదా చూసుకోవాలె. దుమ్ము పోదు, మీటరు లోతు నీళ్లల్ల అరగంట ఉన్నా తట్టుకుంటదని దాని మతలబ్.

వాట్ల లెక్కల్ల మాత్రం శానా ఝూట్ నడుస్తది. డబ్బా మీద 72 వాట్లని రాసుంటది. మీటరు పెట్టి చూస్తే 12 వోల్టుల మీద ఒకటిన్నర ఆంపియర్ తీసుకుంటది, అంటే 18 వాట్లే. అబద్ధమని కోపానికొచ్చుడు ఎందుకు, రెండు 18 వాట్లవి అసలైనవి దొరికితే పికప్పుకు కాఫీ. మీటరు లేని దుకాణంల లైటు కొనకుండ్రి, గంతే.

ఇగ వైరింగు. చాలామంది పాత రివర్సు బల్బు వైరుకే కొత్త లైట్లు తగిలిస్తరు. ఆ సన్న వైరు, గేర్‌బాక్సు మీది ఆ చిన్న స్విచ్చి కంపెనీ బల్బుల కోసం చేసినయి. వాటి మీద ఇంకో మూడు ఆంపియర్లు వేస్తే స్విచ్చి పాయింట్లు మెల్లగ కాలిపోతయి. అప్పుడు కొత్తది పాయె, పాతది పాయె. దీనికి ఇలాజ్ రిలే. బ్యాటరీ నుంచి వేరే వైరు తీసి, బ్యాటరీ పక్కనే 7.5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే 30 నంబరుకు ఇయ్యాలె. 87 నుంచి లైట్లకు. పాత రివర్సు వైరు 86కు, 85 ఎర్తుకు. ఇప్పుడు ఆ స్విచ్చి రిలేను ఇషారా చేస్తది, బరువు మోసేది రిలే. పెద్ద లారీలకు 24 వోల్టులు, వాటికి లైటూ రిలే రెండూ 24వే ఉండాలె.

మా మిస్త్రీ సాబ్ ఎర్తు కాడ ఎక్కువసేపు కూసున్నడు. ఛాసీ మీద రంగు గీకి, ఇనుము తెల్లగ కనపడేదాక రుద్ది, బోల్టు బిగించి, పైకెల్లి గ్రీసు పూసిండు. "లైటు రాలేదని వచ్చే బండ్లల్ల సగం ఎర్తు ఖరాబే ఉంటది బేటా" అన్నడు. జోళ్లు టేపుతోని చుట్టలే, టంకం పెట్టి స్లీవు ఎక్కించిండు.

ఒక కాడ అన్నదమ్ముల మధ్య బహస్ అయింది. తమ్మునికి డ్యాష్‌బోర్డ్ మీద వేరే స్విచ్చి కావాల్నంట, ఎప్పుడంటే అప్పుడు వేసుకునేటట్టు. సామాను దించనీకి అన్నడు గని, అసలు సంగతి నాకు ఎరుకే. వెనక నుంచి హైబీమ్ కొట్టుకుంట వచ్చేటోని కండ్లల్ల కొట్టాలని. బదలా తీసుకునేటందుకు రోడ్డు జాగ కాదన్న. ఆ వచ్చేటోడు బైకు మీద పెండ్లాం పిల్లలతోని ఉంటడు, కండ్లు చెదిరి పత్తి చేన్లకు పోతడు. పైగా మర్చిపోయి వదిలేస్తే జంగల్ల బ్యాటరీ దిగి కూసుంటది. మిస్త్రీ సాబ్ నా తరఫున మాట్లాడిండు. రివర్సు గేరు పడితేనే వెలుగుడు, తీస్తే బంద్. సామాను కోసం తాటిపత్రి లోపట చిన్న బల్బు వేరే పెట్టిండు.

ఇషా అయినంక ఊరి బయట ఖాళీ జాగకు పోయి ఆజ్మాయించినం. రివర్సు వేస్తే టక్కుమని రిలే కొట్టుకున్నది, నేల తెల్లగ పరుచుకున్నది. తమ్ముడు ఖుష్. పోరడు మాత్రం బండెనక అటిటు నడిచి, ఎడమ టైరు పక్కన ఆగిండు. "భయ్యా, ఈడ చీకటే ఉన్నది" అన్నడు. నిజమే. రెండు లైట్లు సీదా వెనక్కే చూస్తున్నయి. పానా తెచ్చి ఎడమది ఎడమకు, కుడిది కుడికి కొద్దికొద్దిగ తిప్పినం, ముక్కులు జర నేలకు వంచినం. వాడు మల్ల పోయి ఆడ్నే నిలబడ్డడు. తమ్ముడు క్యాబిన్ల నుంచి అద్దంల చూసి, "చెప్పులతోని సహా కనపడ్తున్నవ్ రా" అని ఒర్రిండు.