ఇల్లు నిలుపుట

ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని నిలిపి చూడుమని చెప్పినవారు మాకు కానరారు. గృహప్రవేశమునకు నూరుమందిని పిలుతుము. పునాది క్రుంగినప్పుడు మాత్రము తాపీమేస్త్రిని మునిమాపువేళ రప్పించి, ఇరుగుపొరుగువారి కంటబడకుండ గోడ చూపింతుము. రోగమును దాచినట్లే బీటను దాచుట మన గృహస్థులకు మర్యాదయైనది.

కృష్ణా, గుంటూరు జిల్లాల నల్లరేగడి నేలలలో నివసించువారికి ఈ బీటలు క్రొత్తవి కావు. రేగడిలోని మిక్కిలి సన్నని బంకరేణువులు నీరు త్రాగి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. లోతు చాలని పునాది ఆ మంటితోపాటు ఏటేట లేచుచు దిగుచుండును. ఇల్లంతయు ఒక్కరీతిగా కదలినచో ప్రమాద మంతగా లేదు. పెరటిలో స్నానపునీరు ఇంకినచోట ఒక మూల లేచును. చెట్టువేళ్లు తేమను పీల్చినచోట వేరొక మూల దిగును. అప్పుడు కిటికీమూలనుండి గోడ ఏటవాలుగా బీటవారును; నిన్నటివరకు సులువుగా మూసిన తలుపు పట్టివేయును.

మా బంధువుల యింట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. పడమటిగది గోడలో వ్రేలు దూరునంత బీట పడినది. ఆ గోడప్రక్కనే ఇంటి ముసలమ్మగారును, ఇద్దరు పిల్లలును పరుండెడివారు. పెండ్లిచూపులు దగ్గరపడుటచే యజమాని ఆ బీటలో సిమెంటు కూరించి రంగు వేయించెను. మరుసటి వేసవిలో బీట ఆ రంగును చీల్చుకొని వెలికివచ్చెను. పెద్దకుమారుడు ఇల్లు పడగొట్టి అప్పుచేసి మేడ కట్టుదమనెను. “నేను పోయిన తరువాత మీ యిష్టం, నాయనా” అని ముసలమ్మగారు కన్నీరు పెట్టుకొనిరి. కోడలు మాత్రము “మామయ్యగారూ, కూల్చకుండా అడుగున బాగుచేసే దారి లేదా?” అని అడిగెను. దాచుటయో కూల్చుటయో తప్ప మూడవదారి యెరుగని ఆ యింటికి ఈ ప్రశ్నయే మేలు చేసినది.

ఆ దారి కలదు. ప్రతి బీటయు పునాదిది కాదు. పైపూత యెండి చిట్లిన సన్నని గీతలకు భయపడ నక్కరలేదు. బీటకు అడ్డముగా గాజుపలకను గట్టిగా అతికించి తేదీ వ్రాసి యుంచినచో, అది పగిలిననాడు గోడ యింకను కదలుచున్నదని తెలియును. కదలుచున్నచో మొదట నీటికి దారి చూపవలెను. ఇంటిచుట్టు వెలుపలికి వాలుగా చప్టా వేయించి, కాలువను గోడకు దూరముగా మరల్చిన యెన్నియో యిండ్లకు అంతటితోనే స్వస్థత చిక్కును.

అప్పటికిని కదలిక ఆగనిచో ఇంజనీరు సలహాతో పునాదిక్రింద పునాది వేయవలెను. గోడ పొడవును సుమారొక మీటరు చొప్పున భాగములుగా గుర్తించి, ఒకదానిప్రక్క నొకటి కాక, ఎడమెడముగా కొన్నింటిక్రింద మాత్రమే గోతులు తీయుదురు. తక్కినభాగములు అంతవరకు బరువు మోయుచుండును. గట్టినేల తగులువరకు త్రవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడినపిదప పాత పునాదికిని దానికిని నడుమ మిగిలిన సందులో పొడి సిమెంటు ముద్దను దట్టించి కూరుదురు. అటుపిమ్మటనే తరువాతి గోయి. తొందరపడి గోడక్రింద అంతయు ఒక్కమారే త్రవ్వినచో గోడ కూలును. మా బంధువుల యింట ఈ పనికి పిల్లలను, ముసలమ్మగారిని తూర్పుగదికి మార్చిరి. మేడకై తలపెట్టిన అప్పు తప్పినది.

పెద్దకట్టడములును ఈ విద్యచేతనే నిలిచినవి. ఇంగ్లండులో 1079లో ఆరంభమైన వించెస్టరు కెథీడ్రలు, ఇరువదవ శతాబ్ది మొదట మెత్తనినేలలో క్రుంగి బీటలువారెను. పునాదిక్రింద త్రవ్విన గోతులు నీటితో నిండెను. ఆ నీరు తోడినచో గోడలకే ముప్పు. అందుచే విలియం వాకరు అను గజఈతగాడు 1906 మొదలు 1911 వరకు ఆ బురదనీటి చీకటిలో దిగి, చేతితో తడుముకొనుచు కాంక్రీటు సంచులు పేర్చెను. అడుగు మూసికొనినపిదప నీరు తోడి, తాపీవారు పైపని ముగించిరి. 1964లో వాకరు పేర అచట నొక విగ్రహము నిలిపిరి. కాని శిల్పి పొరపాటున దానికి పని నడపిన ఇంజనీరు ఫ్రాన్సిసు ఫాక్సు ముఖము చెక్కెను. సరియైన విగ్రహము 2001లో గాని రాలేదు.

గోతిలో దిగినవాని ముఖము లోకమున కంత సులభముగా జ్ఞప్తియుండదు. మన యిండ్లలోను అంతే. అతిథికి కనబడు రంగునకు బేరమాడక సొమ్మిచ్చుదుము. కనబడని పనికి కూలి తగ్గింపజూతుము. గోతి ప్రక్కలు విరిగిపడకుండ పలకలు దన్ను పెట్టుట దండుగ వ్యయమందుము. ఆ పలకల వెల లెక్కించునప్పుడు, క్రిందనున్నవాడును ఒక యింటికి ఆధారమని మన గృహిణులు, గృహస్థులు తలపవలెనని మా మనవి. ఈ యేడు రంగులకై తీసియుంచిన సొమ్ము వ్యయపరచుటకు ముందు, ఒకమారు ఇంటిచుట్టు తిరిగి గోడల యడుగు చూచుట మంచిది.